ఇండియానా హైస్కూల్ బాస్కెట్‌బాల్ టోర్నమెంట్: ఆడిన పిల్లలు, తర్వాతి ఆటజీవితాలు

అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో 1911లో మొదలైన హైస్కూల్ జట్ల రాష్ట్రస్థాయి పోటీ ఇది. అక్కడ హైస్కూలంటే మన తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా లెక్క. ఆడేవాళ్లు పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలు. 1997 దాకా ఇందులో చిన్న బడి, పెద్ద బడి అన్న తేడా లేదు. నూటయాభై మంది చదివే పల్లెటూరి బడీ, వేలమంది చదివే పట్నం బడీ ఒకే పోటీలో దిగేవి. ఒక్క మ్యాచ్ ఓడితే ఇంటిదారే. ఇక్కడ ఆడినవాళ్లలో కొందరు ఒలింపిక్ స్వర్ణాలు, అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో టైటిళ్లు గెలిచారు. మరికొందరి పేరు పదిహేడో ఏట వేసిన ఒక్క బంతితోనే నిలిచిపోయింది. రాష్ట్ర ఫైనల్స్ ముఖమే చూడని కుర్రాడు ప్రపంచాన్ని ఏలిన సందర్భమూ ఉంది. అన్నిటికంటే ముందు గుర్తుంచుకోవలసింది మరొకటి: మొదటి మూడు దశాబ్దాలు ఈ పోటీ తలుపులు నల్లజాతి పిల్లల బడులకు మూసే ఉన్నాయి.

తొలినాళ్లు

జేమ్స్ నైస్మిత్ 1891 డిసెంబరులో మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో కనిపెట్టిన ఆట కొద్ది ఏళ్లకే వైఎంసీఏల ద్వారా ఇండియానాకు చేరింది. అక్కడ అది పాతుకుపోవడానికి కారణం ఊళ్ల తీరు. ఎక్కడికక్కడ చిన్న ఊరు, ఊరికో చిన్న బడి. ఫుట్‌బాల్‌కు పదకొండు మంది కావాలి, బాస్కెట్‌బాల్‌కు ఐదుగురు చాలు. చలికాలంలో పొలం పనులుండవు. ఊరంతా సాయంత్రానికి బడి జిమ్‌లో చేరేది. 1911లో బ్లూమింగ్టన్‌లో జరిగిన తొలి ఫైనల్లో క్రాఫర్డ్స్‌విల్ 24–17 తేడాతో లెబనన్‌ను ఓడించింది.

1920, 1921, 1922లలో వరుసగా మూడుసార్లు గెలిచిన ఫ్రాంక్లిన్ జట్టు కథ ఇప్పటి రోజుల్లో ఊహకందదు. కోచ్ ఎర్నెస్ట్ వాగ్నర్ అదే ఊళ్లోని ఫ్రాంక్లిన్ కాలేజీకి మారితే, జట్టులోని ముఖ్యులు కూడా ఆయన వెంటే అక్కడ చేరారు. ఆ చిన్న కాలేజీ పెద్ద పెద్ద విశ్వవిద్యాలయాలను ఓడించింది. వారిలో మేటి అయిన ఫజ్జీ వాండివియర్‌కు 1975లో బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది.

మార్టిన్స్‌విల్ కుర్రాడు జాన్ వుడెన్ 1926, 1927, 1928లలో వరుసగా మూడు ఫైనళ్లు ఆడాడు. గెలిచింది 1927లో ఒక్కసారే. 1928 ఫైనల్ ఇండియానాపొలిస్‌లో అప్పుడే కట్టిన బట్లర్ ఫీల్డ్‌హౌస్‌లో జరిగింది. పదిహేను వేల మంది పట్టే ఆ హాలు చాలా ఏళ్లపాటు దేశంలోకెల్లా పెద్ద బాస్కెట్‌బాల్ మందిరం. ఆఖరి క్షణాల్లో మన్సీ సెంట్రల్ ఆటగాడు చార్లీ సీక్రిస్ట్ దాదాపు కోర్టు మధ్య నుంచి, చేతులు కిందినుంచి ఎత్తి విసిరిన బంతి నేరుగా బాస్కెట్‌లో పడింది. 13–12తో మార్టిన్స్‌విల్ ఓడింది. బాస్కెట్ పడ్డ ప్రతిసారీ కోర్టు మధ్యకు వచ్చి జంప్ బాల్‌తో ఆట మళ్లీ మొదలుపెట్టాలన్నది నాటి నిబంధన. అందుకే స్కోర్లు అంత చిన్నవి.

వుడెన్ పర్డ్యూ విశ్వవిద్యాలయం తరఫున మూడుసార్లు ఆల్ అమెరికన్‌గా, అంటే దేశంలోని మేటి కాలేజీ ఆటగాళ్లలో ఒకడిగా ఎంపికయ్యాడు. తర్వాత సౌత్ బెండ్‌లో హైస్కూల్ ఇంగ్లిషు మాస్టారుగా, కోచ్‌గా చాలాకాలం పనిచేశాడు. లాస్ ఏంజెలిస్‌లోని యూసీఎల్ఏ కోచ్‌గా 1964–1975 మధ్య ఆయన గెలిచిన 10 జాతీయ టైటిళ్లు, వరుసగా 88 విజయాలు కాలేజీ ఆట చరిత్రలో ప్రత్యేక అధ్యాయం. ఆటగాడిగానూ కోచ్‌గానూ హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎక్కిన మొదటి వ్యక్తి ఆయనే.

మైలన్, 1954

ఇండియానాలో ఎవరినడిగినా ముందుగా చెప్పేది ఈ మ్యాచ్ గురించే. మైలన్ బడిలో చదివేవాళ్లు 161 మంది. ప్రత్యర్థి మన్సీ సెంట్రల్ అంతకు పదింతలు పెద్దది, అప్పటికే నాలుగు టైటిళ్లు గెలిచింది. ఆ ఏడు పోటీలో దిగిన బడులు 751. మైలన్ కోచ్ మార్విన్ వుడ్ వయసు 26 ఏళ్లు.

1954 మార్చి 20న బట్లర్ ఫీల్డ్‌హౌస్ కిక్కిరిసి ఉంది. నాలుగో క్వార్టర్‌లో మైలన్ కుర్రాడు బాబీ ప్లంప్ బంతిని చేతిలో పట్టుకుని, నాలుగు నిమిషాలకు పైగా కదలకుండా నిలబడ్డాడు. షాట్‌కు గడువు పెట్టే గడియారం అప్పటికి లేదు. ఆట నెమ్మదిస్తే బలవంతుడు తొట్రుపడతాడన్నది వుడ్ లెక్క. స్కోరు 30–30 అయ్యాక చివరి 18 సెకన్ల కోసం నలుగురు సహచరులూ పక్కకు తప్పుకుని ప్లంప్‌కు దారి వదిలారు. అతను కుడివైపు దూసుకెళ్లి, ఆగి, జంప్ షాట్ వేశాడు. 32–30.

ప్లంప్ తర్వాత అదే హాలు సొంత కోర్టుగా ఉన్న బట్లర్ విశ్వవిద్యాలయంలో నాలుగేళ్లు ఆడాడు. ఆపై పారిశ్రామిక లీగ్‌లో ఫిలిప్స్ 66 జట్టుకు ఆడాడు. ఎన్‌బీఏ గడప తొక్కలేదు. అయినా రాష్ట్రంలో ఆ పేరు తెలియనివాళ్లు అరుదు. 1986లో వచ్చిన ‘హూజియర్స్’ సినిమాకు ప్రేరణ మైలన్ విజయమే. అయితే సినిమాలోని ఊరు, కోచ్, ఆటగాళ్లు అందరూ కల్పితం. ఫైనల్ సన్నివేశాన్ని మాత్రం అసలు హాల్లోనే తీశారు.

మైలన్ ఫైనల్‌కు వచ్చే దారిలో 65–52తో ఓడించిన జట్టు ఒకటుంది. అందులో పదో తరగతి కుర్రాడొకడు ఆడాడు, పేరు ఆస్కార్ రాబర్ట్‌సన్. సినిమా మైలన్‌ను ఎన్నుకుంది. చరిత్ర దృష్టితో చూస్తే ఆ ఓడిన జట్టుదే ఇంకా పెద్ద కథ.

క్రిస్పస్ ఆటక్స్

ఇండియానాపొలిస్‌లో నల్లజాతి పిల్లలను తెల్లవారి బడుల నుంచి వేరుచేసి ఒకచోట చేర్చడానికి 1927లో కట్టిన బడి క్రిస్పస్ ఆటక్స్. మైలన్ చేతిలో ఓడిన ఆ జట్టు ఈ బడిదే. రాష్ట్రంలో తెల్లజాతి ఆధిపత్యవాద సంస్థ కూ క్లక్స్ క్లాన్ ప్రాబల్యం బలంగా ఉన్న దశాబ్దం అది. విశ్వవిద్యాలయాల్లో కొలువు దొరకని పెద్ద చదువుల నల్లజాతి అధ్యాపకులు ఇక్కడ పాఠాలు చెప్పారు. టోర్నమెంటులో మాత్రం ఈ బడికి ప్రవేశం లేదు. నల్లజాతి బడులనూ క్యాథలిక్ బడులనూ రాష్ట్ర సంఘం 1942లో గాని చేర్చుకోలేదు. ఆటక్స్ జిమ్ జనం పట్టనంత చిన్నది కాబట్టి, ‘సొంత’ మ్యాచ్‌లు కూడా వేరే హాళ్లలోనే ఆడాల్సి వచ్చేది.

1950లో కోచ్‌గా వచ్చిన రే క్రో క్రమశిక్షణకు పెట్టింది పేరు. రిఫరీతో వాదించకూడదన్నది ఆయన నియమం. మరుసటి ఏడే జట్టు రాష్ట్ర సెమీఫైనల్ చేరింది. అప్పటి ఆటగాళ్లు హాలీ బ్రయంట్, విలీ గార్డ్‌నర్ తర్వాత ప్రదర్శన మ్యాచ్‌ల జట్టు హార్లెమ్ గ్లోబ్‌ట్రాటర్స్‌కు ఆడారు.

1955 ఫైనల్లో ఆటక్స్ 97–74తో గ్యారీ రూజ్‌వెల్ట్‌ను ఓడించింది. రెండూ నల్లజాతి బడులే. అందరూ ఆడే రాష్ట్ర పోటీలో ఒక నల్లజాతి బడి గెలవడం అమెరికాలో అదే మొదటిసారి. ఇండియానాపొలిస్ నగరానికీ అదే మొదటి టైటిల్. కానీ గెలిచిన పిల్లలను ఎక్కించిన అగ్నిమాపక వాహనాన్ని నగరం నడిబొడ్డున ఉన్న స్మారక స్తంభం చుట్టూ తిప్పి, అక్కడ ఆగనివ్వకుండా నల్లజాతివారి పేటలోని పార్కుకు పంపేశారు. ఆ అవమానం రాబర్ట్‌సన్ మనసులో దశాబ్దాలు మిగిలింది. పదిహేడేళ్ల పిల్లలకు చేసిన ఆ అన్యాయాన్ని ఈ పోటీ చరిత్ర రాసేవాళ్లెవరూ దాటవేయకూడదు.

1956లో ఆటక్స్ ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా 31–0తో మళ్లీ గెలిచింది. ఫైనల్లో రాబర్ట్‌సన్ ఒక్కడే 39 పాయింట్లు చేశాడు. సిన్సినాటి విశ్వవిద్యాలయం, 1960 రోమ్ ఒలింపిక్స్ స్వర్ణం దాటి ఎన్‌బీఏకు వెళ్లి, 1961–62 సీజన్ మొత్తానికీ సగటున మ్యాచ్‌కు 30.8 పాయింట్లు, 12.5 రీబౌండ్లు, 11.4 అసిస్టులు సాధించాడు. సీజన్ సగటే ట్రిపుల్ డబుల్, అంటే మూడింటిలోనూ పదికి తగ్గలేదు! దాన్ని మరొకరు అందుకోవడానికి అర్ధశతాబ్దానికి పైగా పట్టింది. 1971లో మిల్వాకీ బక్స్‌తో టైటిల్ గెలిచాడు. ఆటగాళ్ల సంఘం అధ్యక్షుడిగా 1970లో ఎన్‌బీఏపై ఆయన పేరున దాఖలైన దావా 1976లో రాజీతో ముగిసింది. ఆటగాడు జట్టు మారే స్వేచ్ఛకు పునాది అదే. నేటి ఎన్‌బీఏ ఆటగాళ్ల జీతాల వెనుక ఆటక్స్ కుర్రాడి పట్టుదల ఉంది.

1955లో ఓడిన జట్టులోని డిక్ బార్నెట్ టెనెసీ ఏ అండ్ ఐ కాలేజీకి వరుసగా మూడు జాతీయ టైటిళ్లు తెచ్చి, న్యూయార్క్ నిక్స్‌తో 1970, 1973లలో ఎన్‌బీఏ గెలిచాడు. తర్వాత డాక్టరేట్ చేశాడు. హాల్ ఆఫ్ ఫేమ్ పిలుపు 2024లో వచ్చింది. మరుసటి ఏడు కన్నుమూశాడు.

ఆటక్స్ మూడో టైటిల్ 1959లో వచ్చింది. అప్పటి కోచ్ బిల్ గారెట్ జీవితం కూడా ఈ పోటీతోనే ముడిపడింది. 1947లో షెల్బీవిల్‌ను గెలిపించి, రాష్ట్రంలోని మేటి హైస్కూల్ ఆటగాడికిచ్చే ‘మిస్టర్ బాస్కెట్‌బాల్’ బిరుదు పొందినా, బిగ్ టెన్ కూటమిలోని విశ్వవిద్యాలయాలు అలిఖిత ఒప్పందంతో నల్లజాతివారిని జట్లలోకి తీసుకునేవి కావు. ఇండియానా విశ్వవిద్యాలయం ఆ గోడను గారెట్‌తోనే బద్దలు కొట్టింది. బోస్టన్ సెల్టిక్స్ 1951లో ఎంపిక చేసినా, సైన్యంలో చేరవలసి రావడంతో ఎన్‌బీఏ అవకాశం చేజారింది. ఆయన 45 ఏళ్లకే మరణించాడు. 1947 ఫైనల్లో గారెట్ ఓడించిన టెర్రీ హోట్ గార్ఫీల్డ్ సెంటర్ క్లైడ్ లవలెట్ మాత్రం కాన్సాస్‌తో జాతీయ టైటిల్, 1952 ఒలింపిక్ స్వర్ణం, మూడు ఎన్‌బీఏ టైటిళ్లు గెలిచాడు. ఇద్దరి మధ్య తేడా కేవలం ప్రతిభదని చెప్పలేం.

టైటిల్ దక్కినవాళ్లు, దక్కనివాళ్లు

లెబనన్ షూటర్ రిక్ మౌంట్ 1966లో స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ పత్రిక ముఖచిత్రమయ్యాడు. రాష్ట్ర టైటిల్ రాలేదు. పర్డ్యూను 1969 జాతీయ ఫైనల్ దాకా తీసుకెళ్తే, అక్కడ ఓడించింది పర్డ్యూ పూర్వ విద్యార్థి వుడెన్ శిక్షణలోని యూసీఎల్ఏ. అదే 1969లో ఇండియానాపొలిస్ వాషింగ్టన్ జట్టును 31–0తో గెలిపించిన జార్జ్ మెక్‌గిన్నిస్ తర్వాత ఇండియానా పేసర్స్‌తో, ఎన్‌బీఏకు పోటీ లీగైన ఏబీఏలో రెండు టైటిళ్లు గెలిచాడు.

ఫ్రెంచ్ లిక్‌లోని స్ప్రింగ్స్ వ్యాలీ బడిలో 1974లో చదువు ముగించిన లారీ బర్డ్ రాష్ట్ర ఫైనల్స్‌లో ఎప్పుడూ ఆడలేదు. ఇండియానా విశ్వవిద్యాలయంలో నెల తిరక్కుండానే వదిలేసి, ఊరికి తిరిగొచ్చి మునిసిపాలిటీ పనిలో చేరాడు. ఏడాది తర్వాత ఇండియానా స్టేట్‌లో మళ్లీ బంతి పట్టాడు. తర్వాతి మూడు ఎన్‌బీఏ టైటిళ్లు, వరుసగా మూడు ఎంవీపీ (మేటి ఆటగాడు) పురస్కారాలు అందరికీ తెలిసినవే.

దీనికి సరిగ్గా ఎదురు డేమన్ బెయిలీ. 1990 ఫైనల్ చూడటానికి ఇండియానాపొలిస్‌లోని హూజియర్ డోమ్‌కు 41,046 మంది వచ్చారు. అతను బెడ్‌ఫర్డ్ నార్త్ లారెన్స్ జట్టు చివరి 11 పాయింట్లూ తానే చేసి 63–60తో గెలిపించాడు. నాలుగేళ్లలో చేసిన 3,134 పాయింట్లు రాష్ట్ర రికార్డు. పేసర్స్ 1994లో ఎంపిక చేశారు కానీ మోకాళ్లు సహకరించలేదు. ఎన్‌బీఏ సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు.

బాలికలు

విద్యలో లింగవివక్షను నిషేధించిన 1972 నాటి టైటిల్ నైన్ చట్టం తర్వాత, 1976లో బాలికల పోటీ మొదలైంది. తొలి విజేత వార్సా. ఆ జట్టు గార్డ్ జూడీ వారెన్ తొలి ‘మిస్ బాస్కెట్‌బాల్’. ఆమె తర్వాత కోచ్‌గా స్థిరపడింది. 1979 విజేత జట్టులో ఆడిన లటాన్యా పొలార్డ్ 1980 ఒలింపిక్ జట్టుకు ఎంపికైంది, కానీ అమెరికా మాస్కో క్రీడలను బహిష్కరించింది. ఈ పోటీలో ఆడిన స్టెఫనీ వైట్, కేటీ డగ్లస్ పర్డ్యూకు 1999 జాతీయ టైటిల్ తెచ్చారు. సౌత్ బెండ్ వాషింగ్టన్ జట్టుతో 2007లో గెలిచిన స్కైలర్ డిగ్గిన్స్ టోక్యోలో ఒలింపిక్ స్వర్ణం అందుకుంది.

నాలుగు తరగతులు

1997లో బ్లూమింగ్టన్ నార్త్ గెలిచిన ఫైనల్‌తో ఒకే పోటీ శకం ముగిసింది. ఆ తర్వాతి సీజన్ నుంచి విద్యార్థుల సంఖ్యను బట్టి బడులను నాలుగు తరగతులుగా విడదీశారు. చిన్న బడులకు కప్పు అందే అవకాశం పెరిగిన మాట నిజం. మైలన్ లాంటి మార్చి రాత్రి మళ్లీ వచ్చే దారి మాత్రం మూసుకుపోయింది.

పెద్ద బడుల తరగతిలో బ్రౌన్స్‌బర్గ్‌ను 2008లో 40–39తో ఆఖరి షాట్‌తో గెలిపించిన గోర్డన్ హేవర్డ్, ప్లంప్ లాగే బట్లర్‌లో చేరాడు. 2010 జాతీయ ఫైనల్లో డ్యూక్ మీద అతను సగం కోర్టు నుంచి విసిరిన ఆఖరి బంతి బోర్డుకూ రింగుకూ తగిలి బయటపడింది. 61–59తో బట్లర్ ఓడింది.

లారెన్స్ నార్త్‌ను 2004, 2005, 2006లలో గెలిపించిన గ్రెగ్ ఓడెన్, మైక్ కాన్లీ జంట ఒకే కాలేజీకి వెళ్లి, ఒకే డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమం) ఎన్‌బీఏ చేరింది. 2007లో ఓడెన్‌ది మొదటి ఎంపిక, కాన్లీది నాలుగోది. కాన్లీ పదిహేడేళ్లకు పైగా ఆడాడు. మోకాలి శస్త్రచికిత్సలతో ఓడెన్ 105 మ్యాచ్‌ల దగ్గరే ఆగిపోయాడు. వదిలేసిన డిగ్రీ 2019లో పూర్తిచేసి, తర్వాత బట్లర్ జట్టు సిబ్బందిలో చేరాడు. ప్లంప్ బంతి వేసిన ఆ పాత హాలే ఓడెన్ పనిచోటు అయింది.