అట్ట మీద ఘంటసాల, లోపల ఇంకెవరో

చిన్నప్పుడు సుల్తానాబాద్ బజారులో కొన్న క్యాసెట్ ఒకటి ఇంకా నా దగ్గరుంది. అట్ట మీద ఘంటసాల బొమ్మ ఇంత పెద్దది. ఇంటికొచ్చి వేస్తే గొంతు వేరే, ఫ్లూటు రావాల్సిన చోట కీబోర్డు. మా బాపు పల్లవి కూడా పూర్తి కానీయలేదు. "డూప్లికేటు తెచ్చినవ్‌రా" అని బటన్ నొక్కేసిండు. అట్టను వెలుతురులో పెట్టి చూస్తే కింది అంచున చీమతలంత అక్షరాల్లో పాడినవాళ్ళ పేర్లు!

నిజానికి అది డూప్లికేటు కాదు. డూప్లికేటంటే అసలు రికార్డునే దొంగచాటుగా ఎక్కించడం. ఇది మళ్ళీ పాడించిన 'వెర్షన్ రికార్డింగ్'. 1957 కాపీరైట్ చట్టంలోని సెక్షన్ 52(1)(జె) ప్రకారం, హక్కుదారుకు నోటీసిచ్చి రాయల్టీ కడితే, ఒకసారి రికార్డయిన పాటను ఇంకొకరూ రికార్డు చేసుకునే వీలు అప్పట్లో ఉండేది. బతిమాలే పని ఉండేది కాదు. పాత పాటల ఖజానా హెచ్‌ఎంవీ గుప్పిట్లో ఉన్న కాలంలో, 1983లో టీ-సిరీస్ పెట్టిన గుల్షన్ కుమార్ ఈ సందులోంచే దూరాడు. రఫీ పాటలు సోనూ నిగమ్, కిషోర్ పాటలు కుమార్ సానూ గొంతుల్లో చవగ్గా ఊరూరికీ చేరాయి.

'హమ్ ఆప్‌కే హైఁ కౌన్' సినిమా పాటల మీద ఈ రెండు కంపెనీలూ ఢిల్లీ హైకోర్టుకెక్కాయి. తగువంతా పాట గురించి కాదు, అట్ట గురించే. చివరికి ఆ చట్టానికి 2012లో వచ్చిన సవరణ, అసలు రికార్డు వచ్చాక వెర్షన్‌కు అయిదేళ్ళు ఆగాలంది. పాత గాయకుడి పేరూ బొమ్మా వాడొద్దంది, 'కవర్ వెర్షన్' అని అచ్చువేయాల్సిందేనంది. మా అట్ట ఇప్పుడైతే చెల్లదు. కానీ అప్పటికి బజారులో క్యాసెట్లే లేవు.

తర్వాత తగువు కంపెనీలను దాటి స్వరకర్తల దగ్గరికొచ్చింది. 2017లో బాలు అమెరికాలో కచేరీలు చేస్తుండగా తన అనుమతి లేకుండా తన పాటలు పాడొద్దంటూ స్వరకర్త ఇళయరాజా నోటీసు అందింది. తాను పాడిన పాటలే కొన్నాళ్ళు పాడకుండా కచేరీలు నడిపాడాయన. ఇంతకన్నా విచిత్రమైన 'వెర్షన్' ఉంటుందా?

2025లో మన మైత్రీ మూవీ మేకర్స్ తీసిన తమిళ చిత్రం 'గుడ్ బ్యాడ్ అగ్లీ'లో ఇళయరాజా పాటలు వాడారు. వాటిని వాడొద్దని సెప్టెంబరులో మద్రాసు హైకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. సినిమా నెట్‌ఫ్లిక్స్ నుంచి మాయమై, ఆ పాటల స్థానంలో వేరే సంగీతంతో తిరిగొచ్చింది. ఏప్రిల్‌లో థియేటర్లో చూసినవాళ్ళు విన్నది వేరు, పాటలు మార్చాక ఇంట్లో చూసినవాళ్ళకు వినిపించింది వేరు. ఏ పాట తీసి ఏది పెట్టారో వెలుతురులో పెట్టి చూద్దామంటే దీనికి అట్ట కూడా లేదు.