గోధుమ లేని పళ్లెం

దుర్గాష్టమి పొద్దున ఎనిమిదైనా కాలేదు, ఢిల్లీ జనక్‌పురి సీ బ్లాకంతా నేతి వాసన. ప్రతి వంటింట్లోనూ రవ్వ వేగుతోంది. ఎర్ర చున్నీలు కట్టుకున్న ఆడపిల్లలు గుంపుగా మెట్లెక్కుతున్నారు, దిగుతున్నారు. ఒక్కో ఇంట్లో కాళ్లు కడిగించుకుని, పూరీ, నల్లశనగలు, హల్వా రుచి చూసి, చేతిలో పది రూపాయల నోటుతో పక్కింటికి పరుగు. మనం రెండో అంతస్తుకు వెళ్లాలి. చెప్పులు బయటే విప్పండి. ఈ గుమ్మం దాటితే నేతి వాసన ఆగిపోతుంది. లోపల రాగిపిండి ఉడుకుతోంది.

మా చిన్నమ్మ స్టవ్ ముందు నిలబడి సంకటి కెలుకుతోంది. నూకలు మెత్తగా ఉడికాక పిండి పోసి, ఉండలు కట్టకుండా తెడ్డుతో గట్టిగా తిప్పాలి. చిన్నాయన అందుకోబోయాడు. "నువ్వు తిప్పితే ఉండలే మిగుల్తాయి, ఉండు" అంటూ ఆమె వదల్లేదు. పోయినేడు ఈ రోజుల్లో ఆ తెడ్డు ఎత్తే ఓపిక కూడా లేదామెకు.

వీళ్లది నంద్యాల. చిన్నాయన ఉద్యోగం కోసం ఢిల్లీ వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. పిల్లలిద్దరూ జనక్‌పురి ఆంధ్రా బడిలోనే చదువుకున్నారు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1948లో మొదలుపెట్టిన ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ నడిపే బడి అది. భాషను బడి కాపాడింది గానీ రాత్రి భోజనాన్ని ఢిల్లీ మార్చేసింది. అన్నం మధ్యాహ్నానికి పరిమితమై రాత్రిళ్లు పుల్కాలు, ఆదివారం పరాఠాలు వచ్చాయి. చలికాలంలో గోధుమపిండి పిన్నీ లడ్డూలు కూడా.

ఆ తర్వాత ఆమెకు నీరసం మొదలైంది. హిమోగ్లోబిన్ ఏడు దగ్గరే ఆగిపోయింది. ఐరన్ మాత్రలు మార్చి మార్చి మింగింది. కడుపుబ్బరం, ఎముకల నొప్పి, జుట్టు రాలడం. వయసని ఒకరు, గ్యాసని ఒకరు. చివరికి ఒక డాక్టరమ్మ టీటీజీ అనే రక్తపరీక్ష రాసింది. ఎండోస్కోపీ చేసి చిన్నపేగు నుంచి చిన్న ముక్క తీసి చూశారు. సీలియాక్ వ్యాధి అని తేలింది.

ఇది అలర్జీ కాదు. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే ఒంటి మీద తిరగబడే ఆటోఇమ్యూన్ జబ్బు. గోధుమ, బార్లీలలో ఉండే గ్లూటెన్ కడుపులో పడితే చాలు, ఆ వ్యవస్థ చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పేగు లోపల కొత్త తువ్వాలు మీది నూలుపోగుల్లాంటివి లేచి ఉంటాయి. తిన్నదాంట్లోని సారాన్ని పీల్చుకునేవి అవే. ఈ జబ్బులో అవి అరిగిపోయి నున్నబడతాయి. ఇనుము ఒంటికి పట్టేది ముఖ్యంగా చిన్నపేగు మొదటి భాగంలో, దెబ్బ ఎక్కువగా తగిలేదీ అక్కడే. చిన్నమ్మ మింగిన మాత్రలు ఎందుకు పనిచేయలేదో అప్పుడు అర్థమైంది. దీనికి మందు బిళ్ల ఏదీ లేదు. జీవితాంతం గ్లూటెన్ లేని తిండి, అదొక్కటే వైద్యం.

బెల్లు మోగింది. ఎదురింటి పంజాబీ ఆంటీ. చేతిలో స్టీలు పళ్లెం, దాని మీద గుడ్డ. "ప్రసాద్ హై బెటా, థోడా సా తో లే లో." చిన్నమ్మ రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకుంది, చిన్నాయనకిచ్చింది. ఆంటీ ముఖం ఒక్క క్షణం చిన్నబోయింది. గుర్తొచ్చి నాలుక్కరుచుకుంది.

"కొంచెమైతే ఏమవుతుందని అందరూ ప్రేమగానే అంటారు మే" అంది చిన్నమ్మ, తలుపు వేశాక. "ఆ కొంచెంతోనే నా కడుపుకు చేటు."

తమాషా చూడండి. ఈ ఏడు రోజులూ ఊళ్లో సగం మంది చిన్నమ్మ లాగే తిన్నారు. నవరాత్రి ఉపవాసమంటే ఇక్కడ గోధుమ ముట్టరు. కుట్టు (బక్‌వీట్) పిండి, సింఘాడా కాయల పిండి, రాజ్‌గిరా గింజలు, సగ్గుబియ్యం, బంగాళాదుంప. ఏ హోటల్లో చూసినా వ్రత్ థాలీ. అష్టమి పొద్దున పూరీ వేగగానే ఆ ఊరే మళ్లీ ఆమెకు పరాయిదైపోతుంది.

అలాగని ఆ ఏడు రోజులూ ఆమె నిశ్చింతగా తిన్నదీ లేదు. ఎందుకో తెలియాలంటే తిలక్‌నగర్ వైపు పిండిమర దాకా రండి. మర నడిపే మనిషి కనుబొమలు కూడా తెల్లబడ్డాయి. గోడలు, త్రాసు, గోనెసంచులు, గాలి, అన్నింటి మీదా గోధుమపిండే. కుట్టు ఆడేదీ ఆ రాళ్ల మధ్యే. రాగులు పట్టుకెళ్తే అతను సంతోషంగా ఆడించి ఇస్తాడు. ఆ రాగిపిండిలో ముందు ఆడిన గోధుమ కలిసే ఉంటుంది. అందుకే మనం జొన్నలు, రాగులు గింజలుగానే కొంటాం. ఇంటికెళ్లి ఏరి, కడిగి, ఆరబెట్టి, సొంత మిక్సీలో పట్టుకుంటాం. ప్యాకెట్ల మీద గ్లూటెన్ ఫ్రీ అని వేయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములు మించకూడదని మన ఆహార ప్రమాణాల సంస్థ నియమం. ఆ ముద్ర ఉన్న బ్రెడ్డు, బిస్కెట్లూ దొరుకుతాయి. ధర చూస్తే గుండె ఆగుతుంది, లోపల చూస్తే చాలావాటిలో పిండిపదార్థం, నూనె, చక్కెర. సంకటి ముద్ద ముందు అవి నాకు ఆనవు.

వంటింట్లోకి తిరిగొద్దాం. పై అర చిన్నమ్మది, కింది అర మిగతావాళ్లది. ఆమెకు వేరే పెనం, వేరే జల్లెడ, వేరే అప్పడాల కర్ర. ఈ ఇంట్లో పట్టుబడ్డ దొంగ మాత్రం ఎవరూ అనుకోనిది, ఇంగువ! బజార్లో దొరికే ఇంగువ పొడిలో అసలు ఇంగువ కొంచెమే. ఆ ఘాటైన బంకను విరిచేందుకు మైదాయో బియ్యప్పిండో జిగురో కలుపుతారు. పప్పులో, చారులో, పులిహోరలో రోజూ చిటికెడు మైదా పడుతోందన్నమాట. ఇప్పుడు బియ్యప్పిండి కలిపిందే వాడుతున్నారు. పరామర్శకొచ్చినవాళ్లు బలానికని తెచ్చే మాల్టు పొడి డబ్బాలదీ ఇదే కథ. మాల్టంటే ఎక్కువగా మొలకెత్తించిన బార్లీయే.

గోధుమ మానడం ఇంత కష్టం. అయినా నా లెక్కలో అది సులువైన సగం. మానేశాక చాలామంది భయంతో తిండే తగ్గించేస్తారు. చిన్నమ్మ కూడా కొన్నాళ్లు అన్నం, చారు, మజ్జిగలతో నెట్టుకొచ్చింది. గ్లూటెన్ లేదు నిజమే, బలమూ లేదు. డైటీషియన్ చెప్పింది ఒకటే: తీసేసిన ప్రతిదాని చోటా ఏదో ఒకటి పెట్టండి. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, అరిగిన ఎముకలకు అది కావాలి. పాలు మొదట్లో పడలేదు. పేగు పొర దెబ్బతిన్నప్పుడు పాలలోని చక్కెరను అరిగించే ఎంజైమూ తగ్గుతుంది. అందుకని పెరుగుతో మొదలుపెట్టారు. పొర కోలుకునేకొద్దీ పాలు మళ్లీ పడుతున్నాయి. పూటకింత ముద్దపప్పు, రోజూ గుడ్డు, తోటకూరో మునగాకో, మీద నిమ్మకాయ. నిమ్మలోని విటమిన్ సి ఇనుము ఒంటికి పట్టేలా చేస్తుంది. భోజనం కాగానే టీ తాగడం మాన్పించారు, అది ఇనుమును పట్టనివ్వదు. దానికి మాత్రం చిన్నమ్మ ఇంకా అలుగుతుంది.

సంకటి ముద్ద పళ్లెంలోకి దిగింది. నడుమ గుంత, గుంతలో నెయ్యి. పక్కన చెనక్కాయల పచ్చడి, తోటకూర పప్పు, ఉడికిన గుడ్డు. ఆకలిగా ఉందా అని ఎవరూ అడగరు, ఆమె లేదంటుంది గనక. చిన్నాయన తన పళ్లెమూ అక్కడే పెట్టుకుని అదే సంకటి తింటాడు. ప్రసాదం పూరీ ఆమె కళ్ల ముందు తినడు. ఆమె కోలుకోవడంలో ఆయన పక్కన కూర్చోవడానికీ వాటా ఉందని నా నమ్మకం.

గోధుమకూ ఈ జబ్బుకూ ఉన్న లంకె బయటపడడానికి ఒక కరువు సాయపడింది. 1944-45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో రొట్టె దొరకడం గగనమైంది. జనం ఆకలితో అల్లాడుతుంటే సీలియాక్ పిల్లలు కొందరు కోలుకున్నారు, రొట్టె తిరిగి రాగానే మళ్లీ జబ్బుపడ్డారు. విలెం డికె అనే పిల్లల డాక్టరు అది గమనించి, 1950లో తన సిద్ధాంత గ్రంథంలో గోధుమే కారణమని చూపాడు. మన దగ్గర 2011లో అచ్చయిన సర్వేలో ఢిల్లీ పరిసరాల్లో సుమారు 96 మందికి ఒకరిలో ఈ జబ్బు కనబడింది. 2016 నాటి మరో అధ్యయనంలో దక్షిణాదిలో వెయ్యికి ఒకరే. దానికి అవకాశమిచ్చే జన్యువులు మాత్రం రెండుచోట్లా దాదాపు సమానంగా, మూడోవంతు మందిలో ఉన్నాయి. తేడా పళ్లెంలో ఉందన్నమాట. మన ఊళ్లలో రాత్రి అన్నం చోట చపాతీ చేరి చాలా కాలమైంది కాబట్టి ఇది ఉత్తరాది జబ్బని తీసిపారేయలేం.

పళ్లెం ఖాళీ అయ్యాక చిన్నమ్మ నంద్యాలలో ఉన్న చెల్లెలికి ఫోను చేసింది. "నువ్వూ పిల్లలూ ఆ పరీక్ష చేయించుకున్నారా లేదా?" మీకూ అదే మాట. తల్లిదండ్రులకో, తోబుట్టువులకో, పిల్లలకో ఈ జబ్బుంటే మీకూ వచ్చే అవకాశం మామూలు జనంలో కంటే చాలా ఎక్కువ. మాత్రలకు లొంగని రక్తహీనత ఉన్నా సరే, టీటీజీ పరీక్ష గురించి డాక్టరును అడగండి. ఎవరో చెప్పారని ముందే గోధుమ మానకండి. మానేశాక చేయిస్తే జబ్బున్నా పరీక్షలో తేలకపోవచ్చు.