ముల్లు పడిపోయిన మలుపు

మన్ననూరు చెక్‌పోస్టు దాటి ఘాట్ ఎక్కుతున్నాం. మలుపు తిరగ్గానే కారు ఒక్క కుదుపు కుదిపింది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా రొప్పుతోందే గానీ ముందుకు పోదు. వెనక సీట్లో అమ్మ. నాన్న సంవత్సరీకం అయ్యాక శ్రీశైలం వెళ్దామంది, అదీ ఆయన కార్లోనే. 2003లో ఆయన కొన్న కారు అది. ఎత్తులో ఆగిపోయింది. ఫోన్‌లో సిగ్నల్ లేదు. టైరు కింద రాయి పెట్టి నిలబడ్డాను.

పావుగంట ఆగితే మళ్లీ స్టార్టయింది. కాస్త దూరం పోయి మళ్లీ అదే. వెనక్కి తిప్పి దిగుతుంటే మాత్రం ఏమీ ఎరగనట్టు నడిచింది. రెండు నెలలుగా ఇదే వరస. ప్లగ్గులు మార్చారు, కాయిల్ మార్చారు, పెట్రోల్ ఫిల్టర్ మార్చారు. చివరికి పంపు పోయిందన్నారు, ఇంత పాత బండికి ఖర్చెందుకు, అమ్మేయమన్నారు. ఆ మాటకు అమ్మ రెండు రోజులు సరిగా తినలేదు.

అచ్చంపేటలో ఓ షెడ్డు ముందు ఆపాను. పెద్ద మెకానిక్ అంతా విన్నాడు. బోనెట్ ఎత్తలేదు. "తాళం ఆన్ చెయ్యి, సెల్ఫ్ కొట్టకు" అని వెనక సీటు దగ్గర చెవి పెట్టాడు. రెండు సెకన్లు సన్నగా రొద వచ్చి ఆగింది.

"పంపు తిరుగుతున్నది బిడ్డా. తిరుగుడు వేరు, నెట్టుడు వేరు. మీటర్ పెడితే గాని తెల్వదు."

పెట్రోల్ లైనుకు ప్రెషర్ గేజ్ బిగించాడు. ఇంజన్ ఊరికే తిరుగుతుంటే 2.2 బార్. రెగ్యులేటర్ మీది సన్న గొట్టం పీకి చూశాడు. లోపల పెట్రోల్ తడి లేదు, అంటే డయాఫ్రమ్ చిరగలేదు. గొట్టం పీకగానే ముల్లు 2.8కి ఎక్కింది. ఇంజన్ ఆపి కాసేపు చూశాడు, ముల్లు దిగలేదు. ఇంజెక్టర్లు కారడం లేదు, పంపులోని వాల్వూ బాగానే ఉంది. అన్నీ సరిగ్గా ఉన్నట్టే!

"మరి ఘాట్‌లో ఎందుకు ఆగుతుంది?" అన్నాను.

"ఘాట్‌నే అడుగుదాం."

అప్పటికే చీకటి పడింది. తెల్లవారాక పొడుగు గొట్టంతో గేజ్‌ను అద్దానికి బయటివైపు టేపుతో అంటించాడు. పక్క సీట్లో మంటలార్పే సిలిండర్ పట్టుకుని కూర్చున్నాడు. మళ్లీ అదే మలుపు. గేరు దించి గట్టిగా తొక్కాను. ఇంజన్ మీద బరువు పడితే ముల్లు పైకి పోవాలి. మా కళ్ల ముందే 2.2 నుంచి జారింది. 1.8... 1.3... కుదుపు మొదలైంది.

"దొరికింది!" అని ఆయన అరిచిన అరుపు నాకింకా చెవిలోనే ఉంది.

ఊరికే తిరిగే ఇంజన్‌కు కొంచెం పెట్రోల్ చాలు. పంపు నీరసంగా ఉన్నా మిగులు ఉంటుంది, ప్రెషర్ నిలుస్తుంది. ఎత్తెక్కేటప్పుడు అడిగినంత అందదు. షెడ్డులో నిలబెట్టి చూసినవాళ్లందరికీ అందుకే తప్పు కనబడలేదు.

నేను పంపు కొందామన్నాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "దానికి కరెంటు అందుతుందా, ముందు చూడాలె." షెడ్డుకు తిరిగొచ్చి, అమ్మను దింపి సీటు ఎత్తాం. పంపు మూత దాని కిందే ఉంది. ఇంజన్ ఆన్‌లో ఉండగా బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులు, పంపు కనెక్టర్ దగ్గర 9.2. ఎర్త్ వైపే నాలుగు వోల్టులకు పైగా పోతున్నాయి. వైరు వెంట వేలు పోనిస్తే బాడీకి బిగించిన బోల్టు తగిలింది. చుట్టూ పచ్చటి తుప్పు. వేడెక్కినకొద్దీ ఆ పట్టు ఇంకా సడలేది, చల్లారితే కాస్త కోలుకునేది.

గరుకు కాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్దాడు. కొత్త లగ్గు వేసి బిగించాడు. పంపు దగ్గర 13.5.

"మీ నాయన బండి మంచిగనే ఉన్నది బిడ్డా," అన్నాడు. అమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

గేజ్ తీయకుండానే మూడోసారి ఘాట్ ఎక్కాం. ఆ మలుపు వచ్చింది. తొక్కాను. ముల్లు నెమ్మదిగా పైకి లేచి 2.8 దగ్గర నిలబడింది. వెనక నుంచి అమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది.