‘ఎదురుకాల్పులు’: ఒక సమాసం చరిత్ర

అనంతపురంలో మొన్న సమాసాల పాఠం చెపుతుంటే ఒక విద్యార్థిని ‘ఎదురుకాల్పులు’ అని ఉదాహరణ ఇచ్చింది. వ్యాకరణానికి లోటు లేదు. కాని ఆ మాట మోస్తున్న కథ చూడండి: ఇరుపక్షాలుండాలి, రెండు చేతుల్లోనూ తుపాకులుండాలి, మొదట పేల్చింది అవతలివాడే కావాలి. చచ్చినవాడు నోరు విప్పడు గనక ఆ సమాసమే సాక్ష్యమూ, తీర్పూ అయి కూచుంటుంది.

ఇది అత్యవసర పరిస్థితిలో పుట్టిన భాష కాదు. శ్రీకాకుళంలో 1969 డిసెంబరులో కవి సుబ్బారావు పాణిగ్రాహి, 1970 జూలైలో వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం చనిపోయిన నాటికే ప్రభుత్వ ప్రకటనలకు అలవాటయింది. 1975 జూన్ 25 రాత్రి దేశంలో అత్యవసర పరిస్థితి వచ్చింది. నెల తిరిగేసరికి మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో సూరపనేని జనార్దన్, లంకా మురళీమోహన్ రెడ్డి, వనపర్తి సుధాకర్, కొలిశెట్టి ఆనందరావు అనే నలుగురు యువకులు శవాలయ్యారు. ప్రకటన మామూలే.

1977లో జయప్రకాశ్ నారాయణ్ వేసిన తార్కుండే కమిటీలో కాళోజీ, కన్నబిరాన్ కూడా ఉన్నారు. వారు ఊళ్లు తిరిగి జనాన్ని అడిగి, ఆ నలుగురినీ ముందే పట్టుకొని, చెట్లకు కట్టి కాల్చారని తేల్చారు. చెట్టుకు కట్టినవాడు ఎదురు కాల్చటం ఎట్లా? తర్వాత భార్గవ కమిషన్ కూచుంది. విచారణ తలుపులు మూసి జరపాలని రాష్ట్రప్రభుత్వం పట్టుబట్టింది, కమిటీవారు తప్పుకొన్నారు, సంగతి అక్కడే ఆగింది.

అదే 1975లో డిసెంబరు 1న భూమయ్య, కిష్టాగౌడ్‌లను ముషీరాబాదు జైలులో ఉరితీశారు. ఉరిశిక్షే కూడదనేవాణ్ణి నేను. అయినా అక్కడ ఒక కేసు, ఒక వకీలు, ఒక క్షమాభిక్ష అర్జీ ఉన్నాయి. గిరాయిపల్లికి ప్రకటన తప్ప కాగితమే లేదు.

అర్జెంటీనాలో 1976 నుంచి 1983 దాకా సైనికులు ఏలారు. అక్కడ మనుషులు మాయమయ్యేవారు, శవం కూడా దొరికేది కాదు. ఇక్కడ సైన్యం గద్దె ఎక్కలేదు. శవం దొరుకుతుంది, పక్కన తుపాకీ దొరుకుతుంది, పంచనామా జరుగుతుంది. ప్రాణానికి పూచీ అడిగే హక్కు కూడా అత్యవసర పరిస్థితిలో నిలిచిపోతుందని 1976 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టులో అయిదుగురిలో నలుగురు న్యాయమూర్తులు ఒప్పుకొన్నారు. ఒక్క ఖన్నా కాదన్నారు.

మా జిల్లా మెట్ట నేల, తలదాచుకొనేంత అడవి తక్కువ. ఇక్కడి తరిమెల నాగిరెడ్డి 1969లో శాసనసభ్యత్వం వదులుకొన్నారు. 1976 జూలై 28న అజ్ఞాతవాసంలోనే జబ్బుచేసి పోయారు. ఏడాది తిరిగేసరికి ఆయన బావ నీలం సంజీవరెడ్డి రాష్ట్రపతి. నాగిరెడ్డి పట్టుబడి ఉంటే కోర్టు బోనెక్కేవారో, సమాసంలోకి ఎక్కేవారో!

2019 డిసెంబరులో చటాన్‌పల్లి దగ్గర అత్యాచారం కేసు నిందితులు నలుగురు పోలీసుల అదుపులో ఉండగానే కాల్పుల్లో చచ్చారు. జనం పోలీసులపై పూలు చల్లారు. చంపాలనే కాల్చారని సుప్రీంకోర్టు వేసిన కమిషన్ 2022లో చెప్పేనాటికి ఆ పూలు వాడి రెండేళ్లు దాటింది.