పాత ఛాయాచిత్రములలో మన స్త్రీల యలంకరణము

చెన్నపట్టణము, మధుర, కోయంబత్తూరు మొదలగు చోట్ల కొన్ని తరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబముల చరిత్రను వ్రాయబూనినవారికి ఆధారములు కొలదిగానే లభించును. శాసనములు దేవాలయములను గూర్చియు, దస్తావేజులు భూములను గూర్చియు చెప్పును. ఇంటి యాడువారు ఎట్లుండిరో చెప్పునవి గోడమీది పటములే. అయితే ఆ పటముల కొఱకు మన యవ్వలు ఎట్లు ముస్తాబైరో, ఆ ముస్తాబును గాజుపలక యెట్లు గ్రహించెనో యెరుగనిచో పటము మనలను మోసగించును.

ఛాయాగ్రహణము 1839లో లోకమునకు వెల్లడియయ్యెను. 1851లో ఆర్చరు ప్రకటించిన తడిపలక పద్ధతియందు పటము దిగువారు కొన్ని క్షణములు కదలక కూర్చుండవలసియుండెను. తల కదలకుండుటకు మెడవెనుక ఇనుపకోలు నిలిపెడివారు. ఆనాటి పటములలో చిరునవ్వు అరుదగుటకు ఇదియు నొక కారణము. పరదా పాటించు స్త్రీలు పురుషుల యెదుట పటము దిగరు గనుక, లాలా దీనదయాళు 1892లో హైదరాబాదున స్త్రీలకై ప్రత్యేకముగా నొక చిత్రశాలను తెరచెను.

ఇక తలకట్టు మాట. కుంకుడుకాయలతో తలంటుకొని, సాంబ్రాణి ధూపము పట్టి, నూనె రాచి, బిగువుగా దువ్వి జడ వేయుట మన యిండ్లలో శుభకార్యమునకు తొలిమెట్టు, పటమునకును అంతే. పాపిటపై పాపిటబిళ్ళ, ఇరుప్రక్కల సూర్యచంద్రులు, వెనుక రాగిడి, దాని క్రింద జడబిళ్ళలు, కొసను జడకుచ్చులు. పెండ్లికూతురికి మల్లెమొగ్గలు కూర్చిన పూలజడ. ఇంత శ్రమయు వీపున మరుగుపడిపోవును గదా! అందుచేత వెనుక నిలువుటద్దము నుంచి, ముఖమును జడయు నొకే పటమున గనబడునట్లు చేసిరి. తమిళసీమ చిత్రశాలలలో ఈ పద్ధతి తెలుగు తమిళ భేదము లేక వ్యాపించెను.

ముఖము విషయమున చిక్కు మరియొకటి. తడిపలకకు నీలివెలుగు మాత్రమే బాగుగా తెలియును. ఎరుపును పసుపును నల్లబడును. పసుపు పూసిన చెక్కిళ్ళు ఉన్నదానికంటె చామనగా, కుంకుమబొట్టు కాటుకబొట్టువలె దిగెడివి. 1873లో జర్మను శాస్త్రజ్ఞుడు వోగెల్ పలకకు రంగు పట్టించి ఈ లోపమును కొంత తీర్చెను. ఎరుపును సైతము గ్రహించు పలకలు 1906లో అమ్మకమునకు వచ్చినను, పాతరకము చాలకాలము వాడుకలో నుండెను. పిమ్మట నెగటివుపై పెన్సిలుతో మచ్చలు దిద్దుట యుండనే యుండెను. చిత్రశాలలో అద్దము, దువ్వెన, పౌడరుడబ్బా వేచియుండుట మన పెద్దలెల్ల రెరిగినదే.

గోళ్ళ సంగతియు నిట్టిదే. ఆషాఢమునను, పెండ్లికి ముందును గోరింటాకు పెట్టుకొనుట మన యాచారము. చేయి కుర్చీ కోడుపైననో, బల్లపైననో నిలుపుమని చిత్రకారుడు చెప్పగా, ఎర్రగా పండిన వ్రేళ్ళకొనలు పటమున నల్లగా దిగెడివి. తెలియనివారు వానిని మసిచేతులందురు.

ఇట్టి పటములను జూచి, మన పూర్వస్త్రీలు నల్లబొట్టే ధరించిరని యొక పరిశోధకుడు వ్రాసిన, తప్పు వానిది మాత్రమే కాదు. చెప్పగల పెద్దలుండియు అడుగని మనది కూడ. ఆ బొట్టు రంగు పలకయందు లేదు, అవ్వ జ్ఞాపకమునందే కలదు. తమిళులు రాక్కొడి యనుదానిని మనము రాగిడి యందుము. ఏ యింట ఏ పేరు నిలిచెనో తెలియుట భాషాచరిత్రకును ఉపకరించును.

కావున ప్రతి గృహస్థుడును పటమును తేమనుండియు చెదనుండియు కాపాడుటతో తృప్తిపడక, పెద్దల నడిగి, పటము దిగినవారి పేరు, ఊరు, సంవత్సరము, నగల పేర్లు, చీరరంగు వేరు కాగితముపై వ్రాసి దానితో నుంచవలెను. పటము నిలిచినను, దానిని చదువగల కన్నులు మనకై యెల్లకాలము వేచియుండవు.