కొమ్మూరి సాంబశివరావుగారి అపరాధపరిశోధక నవలలు

ఆంధ్రవాఙ్మయ చరిత్రములందు నవలాప్రకరణము కందుకూరి వీరేశలింగకవి రాజశేఖర చరిత్రముతోఁ బ్రారంభమై, సాంఘిక చారిత్రక నవలలను సవిస్తరముగా విమర్శించును. అపరాధపరిశోధక నవల కడకు వచ్చునప్పటికి ఒకటి రెండు వాక్యములతో ముగియుట తఱచు. ఈ యుపేక్షకు రెండు కారణములు చెప్పుదురు. ఈ నవలలు కాలక్షేపమునకే కాని బుద్ధివికాసమునకుఁ గావనుట మొదటిది. వీని భాష శిష్టమగు గ్రంథభాష కాదనుట రెండవది. ఈ యాక్షేపములలో నెంత సత్యము గలదో నిర్ణయించుటకు కొమ్మూరి సాంబశివరావుగారి (1926–1994) కృషి తగిన నిదర్శనము.

గుంటూరు మండలము 1904వ సంవత్సరమున నేర్పడినది. దాని పడమటి భాగమును, దానికి దక్షిణమున 1970లో వేఱు జిల్లాయై తరువాత ప్రకాశము పేరు దాల్చిన ప్రాంతమును ప్రత్తి, మిరప, పొగాకు పండు మెట్టభూములు. తూర్పు భాగము కృష్ణకాలువల క్రింది మాగాణి. ఆ మాగాణి నడుమనున్న తెనాలి నాటకములకును సాహిత్యగోష్ఠులకును బేరు వడసిన పట్టణము. సాంబశివరావుగారు 1926లో నచ్చటనే జనించిరి. తల్లి పద్మావతీదేవి రచయిత్రి. కులస్త్రీలు రంగమెక్కుట యరుదైన కాలమున నాటకములందు నటించిన విదుషి. సోదరి ఉషారాణీ భాటియాయును రచయిత్రియే. కొమ్మూరివారింటఁ బుట్టి గుడిపాటివారికి దత్తుఁడైన చలము (1894–1979) వీరికిఁ బెదతండ్రి. చలముగారి జనకుని పేరును సాంబశివరావే. తాతపేరు మనుమనికి వచ్చినది. ఒకే వంశమునఁ బెదతండ్రి సంఘధర్మములను బ్రశ్నింపఁగా, కుమారుఁడు సాక్ష్యములను బ్రశ్నించు కథలను వ్రాసెను.

తెలుఁగున నిట్టి కథ వీరితో నారంభమైనది కాదు. ఆంగ్లభాషలో నెడ్గార్ ఆలన్ పో 1841లో దీనికి బీజము వేసెను. కానన్ డాయిల్ 1887లో షెర్లాక్ హోమ్సును లోకమునకుఁ బరిచయము చేసెను. ఆ మార్గము వంగదేశమునకు వచ్చి పాంచకడి దే వంటివారి చేతులలో విరివిగాఁ బెరిగెను. ఆంధ్రప్రచారిణి గ్రంథమాల 1911లో వెలసిన పిమ్మట వంగనవలలు తెలుఁగునకు వెల్లువగా వచ్చెను. వానిలో నపరాధపరిశోధక కథలును గలవు. దేవరాజు వేంకటకృష్ణరావుగారి 'వాడే వీడు' మొదలగు తొలి యత్నములును లేకపోలేదు. అయినను అనువాదములందుఁ బరిశోధకుఁడు వంగదేశపు పేరుతో వంగదేశపు వీథులందే సంచరించువాఁడు. తెలుఁగు పాఠకుఁడు తనవాఁడని చెప్పుకొనఁదగిన పరిశోధకుని 1950 దశకము మొదలుగా నిలిపినవారిలో సాంబశివరావుగారు అగ్రగణ్యులు.

ఆ పరిశోధకుని పేరు యుగంధరుఁడు. యుగమును, అనఁగా కాఁడిని, ధరించువాఁడను నర్థమున ఖచ్ప్రత్యయముచేతను ముమాగమముచేతను సిద్ధించు సంజ్ఞాపదమిది. దీనినుండియే పుట్టిన యౌగంధరాయణుఁడను పేరు భాసనాటకములు చదివినవారికిఁ గ్రొత్తది కాదు. మాఱువేషముతో శత్రునగరము సొచ్చి వత్సరాజును విడిపించిన మంత్రి యాతఁడే. రచయిత దీనిని దలఁచియే పేరుంచెనని చెప్పుట సాహసమగును గాని, సంస్కృతజ్ఞునకా స్ఫురణ కలుగక మానదు. నవలలందలి యుగంధరుఁడు మదరాసువాసి. రాజు అతని సహాయకుఁడు. ఇన్‌స్పెక్టరు స్వరాజ్యరావు చిక్కువడిన నేరములను దెచ్చి యతని ముందు పెట్టును. టెలిఫోను, మోటారుకారు, వేలిముద్ర మొదలగు నూతన పరికరము లీ కథలలో నిత్యవ్యవహారములు.

సాంబశివరావుగారు సుమారు 90 నవలలు రచించిరి. 'చావుకేక' వంటి భయానకరస ప్రధానమగు నవలయు వానిలోఁ గలదు. ఇంతటి రాశి ఆవేశమున నప్పుడప్పుడు వ్రాయువారికి సాధ్యము కాదు. ఏఁటికేఁడు తప్పని యభ్యాసము దాని వెనుక నుండవలయును. వీరిని 'తెలుఁగు ఎడ్గార్ వాలెస్' అని పిలుచుటకు నీ సమృద్ధి యొక కారణము. వాలెస్ (1875–1932) తేనీరు త్రాగుచు సిగరెట్టు కాల్చుచు, కథను నోటితోఁ జెప్పి యంత్రముపై నెక్కించి, లేఖకులచే వ్రాయించువాఁడు. అగాథా క్రిస్టీ (1890–1976) పద్ధతి వేఱు. మొదటి ప్రపంచసంగ్రామ కాలమున నౌషధశాలలోఁ బనిచేసి విషముల గుణము లెఱిఁగి, 1920లోఁ దొలి నవల వెలువరించి, జీవితాంతము చిన్న పుస్తకములలోఁ గథాసూత్రములను వ్రాసికొనుచుండెను. అట్టివి 73 నేఁడును మిగిలి యున్నవి. వాలెస్ కథకు వేగము ప్రాణము. క్రిస్టీ కథకు అమరిక ప్రాణము. యుగంధరుని కథలలో నీ రెండును గలసినవి.

ఈ యమరికయే విచారణీయము. పాణినిసూత్రములలో నొక్క వర్ణమైనను వ్యర్థము కాఁజాలదని మహాభాష్యకారుని నిశ్చయము. ఒకచో నొక పదము వ్యర్థమువలెఁ గనఁబడినచో, వైయాకరణుఁడు దానిని దిగవిడువఁడు. ఆ పదము చెప్పక చెప్పుచున్న నియమమేదో యని వెదకును. అట్టి పదమునకు జ్ఞాపకమని పేరు. నాగేశభట్టు పరిభాషేందుశేఖరమునఁ బెక్కు పరిభాష లీ జ్ఞాపకముల బలముననే నిలిచినవి. అపరాధపరిశోధక నవలయందలి 'ఆధార'మును నిట్టిదే. ఆఱిపోయిన దీపము, తలక్రిందుగాఁ బెట్టిన గడియారము, మొఱుగని కుక్క — కథ నడుచుటకు వీనితోఁ బనిలేదు. పనిలేకయే యచ్చట నేల యున్నవని యడిగిన పాఠకునకే రహస్యము దొరకును. భేదమొకటి గలదు. సూత్రకారుఁడు వ్యర్థమును జేర్పఁడు. నవలాకర్త నిజముగా వ్యర్థమైనవానిని గొన్నింటిని బుద్ధిపూర్వకముగాఁ జేర్చి వాని నడుమ జ్ఞాపకమును దాఁచును. కావున పాఠకుని శ్రమ యిచ్చట రెండింతలగును.

తర్కశాస్త్రమునకు నిట్టి సంబంధమే కలదు. అన్నంభట్టు తర్కసంగ్రహమునఁ జెప్పిన హేత్వాభాసములను బాలురు ధూమము, వహ్ని, పర్వతము అను దృష్టాంతములతో వల్లించి మఱచిపోవుదురు. హత్యాకాలమున నింటిలోనున్నాఁడు గావున వీఁడే హంతకుఁడనునది సవ్యభిచారము. ఇంట నుండుట నిర్దోషులకును సమానమే గదా. ఆ వేళ వేఱొక యూర నున్నట్లు రుజువైనవానిని హంతకుఁడనుట బాధితము. పాఠశాలలోఁ గంఠస్థము చేయఁబడి నిలువనిది, నవలలో ననుభవమై నిలుచును. కావున నివి బుద్ధివికాసమునకుఁ గావను నాక్షేపము సాధారణముగా నిలువదు. 90 నవలలును నీ కొలఁతకు సరిపడునని కాదు. ముఠాలు, వెంటాటములు కథ నాక్రమించినచోట ననుమానమునకు దావు లేదు. అచ్చట వాలెస్ వేగమే మిగులును.

ఈ విద్య పరదేశమునుండి వచ్చినదనుటయు సగము సత్యమే. కథాస్వరూపము పాశ్చాత్యమే. శోధనబుద్ధి మాత్రము మనకుఁ బ్రాఁతది. కౌటిల్యుని యర్థశాస్త్రమున కంటకశోధనమను నాలవ యధికరణమునందలి యేడవ యధ్యాయము ఆశుమృతకపరీక్ష. హఠాత్తుగా మరణించినవాని దేహమునకుఁ దైలము పూసి పరీక్షింపవలయుననియు, ఊపిరి తిరుగక చచ్చినవానికిని, ఉరిచేఁ జచ్చినవానికిని, నీట మునిఁగినవానికిని, విషముచే మృతుఁడైనవానికిని లక్షణములు వేఱువేఱనియు నచ్చటఁ జెప్పఁబడినది. చంపి పిమ్మట నురివేసిన సందర్భమును గూడ శాస్త్రకారుఁడు మఱవలేదు. ఇఁక రసదృష్టిచేఁ జూచినను, నిర్వహణసంధియం దద్భుతము నిలుపవలయునను నాట్యశాస్త్రనియమమును ఈ నవలలకన్న నిష్ఠగాఁ బాటించు రచనలు తక్కువ.

భాషావిషయమున విచారణ సులభము. సాంబశివరావుగారిది వాడుకభాష, వాక్యములు చిన్నవి, సంభాషణ లెక్కువ. గ్రంథభాషావాదికిది లోపముగాఁ దోఁచును. కాని సాక్షి చెప్పిన మాట యథాతథముగా నున్నఁగాని యబద్ధము పట్టుపడదు. పాత్రోచితభాషను సంస్కృతనాటకకర్తలు ప్రాకృతములతో సాధించిరి. అదే న్యాయ మిచ్చటను జెల్లును.

ఈ నవలలను జదివినవారు పండితులు కారు. గుంటూరు, చిలకలూరిపేట, ఒంగోలు మొదలగు పట్టణములందు అద్దె పుస్తకశాలలు దినమునకుఁ గొన్ని పైసలకు నవలలిచ్చుచుండెడి కాలమున, విద్యార్థులు, గుమాస్తాలు, గృహిణులు వీనిని జదివిరి. బడి విడిచినవెనుక చదువుట మఱవకుండుట కనేకుల కివియే యాధారము. ఆ యద్దె పుస్తకశాలలు మూఁతపడినవి. చౌక కాఁగితముపై నచ్చైన ప్రతులు చేతులు మాఱి మాఱి చిరిఁగినవి. పేరుగల గ్రంథాలయములు కాలక్షేపపు పుస్తకములని వీనిని సేకరింపవయ్యెను. ఇటీవలఁ గొన్ని పునర్ముద్రితములైనను, తొలి ముద్రణముల సంవత్సరములు, ప్రచురణకర్తల పేరులు, పత్రికలలో వెలువడిన పాఠములు గ్రుచ్చి యెత్తిన పట్టిక యొకటి యావశ్యకము. తాళపత్రములను బురుగునుండి కాపాడిన పరిశోధకులకు నిది క్రొత్త పని కాదు. శిథిలమగు ప్రతియందు నిలిచిన యొక్క తేదీయైనను, జ్ఞాపకపదమువలెఁ దనకు మించిన యర్థము నీయఁగలదు.