రూతు ఏరిన పరిగె: చిత్రకళ, వాక్యము, మన మెట్టసీమ

కోతపండుగ ఆరాధనలో రూతు గ్రంథం రెండవ అధ్యాయం బోధించేటప్పుడు మనలో చాలామందికి ఒక బొమ్మ మనసులో మెదులుతుంది: సంధ్యవెలుగు, బంగారు రంగు చేను, పన ఎత్తుకొని నిటారుగా నిలిచిన స్త్రీ. ఈ బొమ్మకు మూలం వాక్యమా, చిత్రకళా అని ఈ వ్యాసంలో పరిశీలిస్తున్నాము.

19వ శతాబ్దపు ఫ్రాన్సులో పరిగె ఏరుకొనే స్త్రీలు చిత్రకారులకు ప్రియమైన అంశం. 1857లో పారిస్ నగరపు అధికారిక చిత్రప్రదర్శనలో మిలే తన చిత్రాన్ని ఉంచాడు. అందులో ముగ్గురు స్త్రీలు నడుము వంచి వెన్నులు ఏరుతుంటారు. దూరాన పెద్ద వాములు, గుర్రంపై అజమాయిషీ చేసేవాడు. సంపన్న వర్గాల విమర్శకులు పలువురికి అది రుచించలేదు. 1859లో జూల్ బ్రెటన్ అదే అంశాన్ని అకాడెమీ పద్ధతికి దగ్గరగా చిత్రించాడు. ఆయన స్త్రీలు కాళ్లకు చెప్పులు లేకున్నా ప్రాచీన శిల్పాలవలె గంభీరంగా నడిచివస్తారు. మూడవ నెపోలియన్ చక్రవర్తి ఆ చిత్రాన్ని కొన్నాడు. పేదరికం తృప్తిగా కనిపించినంతవరకు ఏలినవారికి అభ్యంతరం లేదు.

వాక్యం చూపేది వేరు. లేవీయకాండము 19:9-10 ప్రకారం పరిగె బీదలకు, పరదేశులకు ధర్మశాస్త్రం ఇచ్చిన హక్కు. రూతును ముట్టవద్దని బోయజు పనివారికి ఆజ్ఞాపించాడంటే (2:9) ఆ పొలంలో ఒంటరి స్త్రీకి అపాయమున్నదని అర్థం. ఆమె సాయంకాలం వరకు ఏరి, దుళ్లగొట్టి, తూమెడు యవలు మోసుకొనిపోయింది (2:17-18).

అందమైన బొమ్మలో కనబడనిది కూలి, ఆకలి. మన సీమ చరిత్రలో అవే ముఖ్యం. 1876-78 నాటి ధాతు కరువులో, 1877 జనవరిలో, కరువు పనులలోని పురుషునికి ఇచ్చే ధాన్యాన్ని రోజుకు ఒక పౌనుకు, అంటే అరకిలోకన్న తక్కువకు తగ్గించారు. పనిచేసే శరీరానికి అది చాలదని మద్రాసు ఆరోగ్యాధికారి డాక్టర్ కార్నిష్ వాదించిన తరువాత పెంచారు. 1871, 1881 జనగణనల మధ్య కర్నూలు జిల్లా జనాభా సుమారు నాలుగోవంతు తగ్గింది.

వేరుశనగ పీకిన చేలలో మిగిలిన కాయలకై మట్టి తవ్వుకొన్న స్త్రీలు కర్నూలు, కడప సంఘాలలో ఉన్నారు. రూతును బోధించబోయే కాపరి ముందుగా వారిని అడగాలని మా మనవి: రోజుకు ఎంత దొరికేది? ఎవరు తరిమేవారు? ఎవరు రానిచ్చేవారు? లేవీయకాండపు ఆజ్ఞ ఏరుకొనేవారికి కాదు, చేను గలవారికి ఇవ్వబడింది. వారు కూడా మన ఆరాధనలో కూర్చుంటారు.